ఇంటి జాగా ఎవరి పేరున? - ఏలూరు, గూడెం, కొల్లేరు పల్లెల్లో ఒంటరి తల్లులు

దళిత ఉద్యమాల చరిత్రల్లో భూమి అంటే ఎక్కువగా పొలమే. బంజరు, మిగులు భూమి, అసైన్డు ఎకరం - లెక్కలన్నీ వాటివే. పాక కింద నేల ఎవరిదన్నది చిన్న సంగతిగా మిగిలింది. మొగుడు పోయిన, మొగుడు వదిలేసిన ఆడమనిషికి మాత్రం అదే అసలు సంగతి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక డెల్టాలో ప్రతి సెంటూ వరికి పనికొచ్చింది. పల్లెకి మిగిలింది కాలవ గట్టు, పుంత పక్క, రైతు చూపించిన మూల. పాక మనది, కింద నేల వాళ్లది. కూలి పెంచమన్నా, ఓటు మాట వినకపోయినా పాక పీకమనేవాళ్లు. మొగుడు పాలేరుగా ఉన్నన్నాళ్లే ఆ మూల. అతను పోతే ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటి పంచన చేరాల్సిందే.

1975లో ఇరవై సూత్రాల కార్యక్రమం ఇళ్ల స్థలాల మాట ఎత్తింది. ఇతరుల జాగాలో పాకలేసుకున్న కూలీలకూ చేతివృత్తులవాళ్లకూ ఆ జాగా మీద హక్కిస్తూ 1976లో రాష్ట్రం చట్టం చేసింది. సర్కారు పేదలకిచ్చిన పొలమైనా ఇంటి స్థలమైనా చేతులు మారితే చెల్లదని 1977 చట్టం చెప్పింది. అమ్ముకోలేని ఆస్తి ఏం ఆస్తి అని చాలామంది అన్నారు. మేమలా అనుకోవడం లేదు. మొగుడి తాగుడు అప్పులకీ, మరుదుల ఒత్తిడికీ ఆ కాగితం పోకుండా అడ్డం నిలబడింది ఆ నిషేధమే.

అదే కాలంలో, 1985లో, హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో అమల్లోకొచ్చింది. మంచిదే. తండ్రికే సెంటు లేని పల్లెలో వాటా దేంట్లో? మన ఆడవాళ్ల పేరున మొదటి ఆస్తి కాగితం వారసత్వంగా రాలేదు, ఇంటి పట్టాగా వచ్చింది. ఆ ఏడే కారంచేడు నుంచి చీరాల చేరిన జనం తిరిగి ఆ ఊరు పోలేదు, చీరాలలోనే కాపురాలు పెట్టుకున్నారు. మన జాగాలో మన ఇల్లంటే ఏమిటో వాళ్లని చూసి కోస్తా అంతా తెలుసుకుంది.

1985లోనే మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు ఆడమనిషి పేరునో, ఇద్దరి పేరునో ఇవ్వాలన్నది నియమమయింది. కానీ దరఖాస్తు దాకా పోవడమే గండం. మొగుడు పోయినామెకి మరణ పత్రం ఉంటుంది, వదిలేసినామెకి ఏముంటుంది? రేషన్ కార్డులో పేరు ఇంకా అత్తవారింటనే. అక్కడే పల్లె పనికొస్తుంది. 'ఈ పిల్ల ఇక్కడే ఉంటోంది, వాడు చూడట్లేదు' అని సాక్ష్యం చెప్పేది సంఘం పెద్దలూ, పాస్టరుగారూ, డ్వాక్రా అక్కలూ. సర్కారు ఈ సాయాన్ని ఏ ఖర్చులోనూ రాయదు.

2020 డిసెంబరు 25న రాష్ట్రంలో దాదాపు 30 లక్షలమంది ఆడవాళ్ల పేరున పట్టాలిచ్చే కార్యక్రమం మొదలైంది. ఊళ్లో సెంటున్నర, పట్నంలో ఒక్క సెంటు, అంటే 48 గజాలు. ఇంటికి లక్షా ఎనభై వేలు. చాలకపోతే సంఘం ద్వారా 35 వేలు బ్యాంకు అప్పు. గూడెం ఉల్లి మార్కెట్లో గ్రేడింగుకి పోయే ఒంటరి తల్లికి ఆ అప్పు పుట్టేది తోటి సభ్యుల పూచీ మీదే. ఆమె వాయిదా తప్పితే వాళ్ల పేరు కూడా చెడుతుంది. అందుకే చేయి పట్టుకుంటారు, అందుకే గట్టిగానూ అడుగుతారు. ఈ రెండో సంగతి దాచి సంఘాన్ని పొగడటం మాకిష్టం లేదు.

ఇక జాగా. డెల్టాలో చవగ్గా దొరికేది పల్లపు నేలే. పునాది కన్నా ముందు మెరక చేయాలి. ట్రాక్టరు మట్టికి డబ్బు కావాలి. మగ దిక్కున్న ఇంట్లో అన్నదమ్ములు తలో చేయి వేస్తారు. లేని ఇంటికి పల్లె వెయ్యాలి, వేస్తే లేస్తుంది, లేకపోతే పట్టా పెట్టెలో ఉంటుంది. తమ్మిలేరు పొంగితే ఏలూరు పల్లపు పేటల్లోకి నీళ్లొస్తాయి. కొల్లేరు లంకల్లో మెరకే తక్కువ. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అయింది. 2006లో చేపల చెరువులు తెంచినప్పుడు వాటి మీద బతికే కూలి పోయి జనం వలసపోయారు. ఇల్లుంది, ఇంట్లో పిల్లలూ ముసలమ్మా ఉన్నారు. పట్టా పేరున్నామె మాత్రం ఊళ్లో లేదు.