మధుర, కోయంబత్తూరు తెలుగు సీమలలో విదేశీ విద్యాసేవకులు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, తెలుగునాడుకు దూరంగా శతాబ్దాల తరబడి తెలుగు మాట్లాడుతూ వస్తున్న మధుర, కోయంబత్తూరు ప్రాంతాల విద్యాచరిత్రను స్మరించుకొనడం ఉచితమని భావిస్తున్నాను. పరదేశాల నుండి క్రైస్తవ యువకులు అక్కడికి వచ్చి పిల్లలకు చదువు చెప్పినారు. వారి సేవ వలన ఆ తెలుగు కుటుంబాలకు లభించినదేమి, లభించక మిగిలినదేమి అన్నది తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నేటికీ ఆలోచింపదగిన విషయం.

విజయనగర ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధుర పాలన చేపట్టినాడు. ఆ కాలంలోను, దానికి ముందు వెనుకలను సైనికులు, రైతులు, వృత్తిపనివారు తెలుగు సీమ నుండి దక్షిణానికి తరలినారు. కమ్మవారు, రెడ్లు నల్లరేగడి భూములను సాగుచేసినారు. తోలుపని చేసే అరుంధతీయులు కూడ ఇంట తెలుగే మాట్లాడేవారు. నాయక రాజుల ఆస్థానంలో తెలుగు వచనం వర్ధిల్లినది. తమిళులు ఈ వలస వచ్చినవారిని ‘వడుగర్’ అన్నారు. అనగా ఉత్తరాది వారని అర్థం.

1606లో రోమ్ నగరానికి చెందిన రాబర్ట్ డి నొబిలి అనే జెసూయిట్ యువకుడు మధుర చేరినాడు. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరాలు. అంతకుముందే అక్కడ గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు మతబోధకుడు ఒక చిన్న బడిని, వైద్యశాలను నడుపుతున్నాడు. నొబిలి మాత్రం చెప్పడానికి ముందు నేర్చుకొనడానికి కూర్చున్నాడు. తమిళం అభ్యసించినాడు, శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణ పండితుని వద్ద సంస్కృతం చదివినాడు, తెలుగు కూడ నేర్చుకొన్నాడు. మధురలో పదివేలకు మించిన విద్యార్థులు వేర్వేరు గురువుల వద్ద చదువుతున్నారని 1610లో వ్రాసిన లేఖలో ఆయన పేర్కొన్నాడు. విద్య లేని చోటికి విద్య తెచ్చినామని భావించేవారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఆయన వచ్చినది అప్పటికే గొప్ప విద్యాకేంద్రమైన నగరానికి.

అయితే ఆ చదువు అన్ని కులాల పిల్లలకు, ముఖ్యంగా బాలికలకు అందుబాటులో లేదు. ఆ లోటును కొంత తీర్చినది 19వ శతాబ్దపు మిషన్ పాఠశాలలు. 1834లో అమెరికన్ బోర్డు వారు సింహళంలోని యాళ్పాణం నుండి హొయ్‌సింగ్టన్, టాడ్ అనే బోధకులను మధురకు పంపినారు. వారి వెంట యాళ్పాణపు మిషన్‌లో చదువుకొన్న తమిళ సహాయకులు కూడ సముద్రం దాటి వచ్చినారు. 1842లో తిరుమంగళంలో ఒక విద్యాలయం తెరచి, 1845లో దానిని పసుమలైకి మార్చినారు. 1881లో అక్కడ కళాశాల తరగతులు ఆరంభమైనవి. అదే తరువాత నగరానికి తరలి, నేటి అమెరికన్ కాలేజిగా వెలసినది. స్వాతంత్ర్యానంతరం అమెరికాలోని ఒబర్లిన్ కళాశాల పట్టభద్రులు ఈ కాలేజికి వచ్చి ఇంగ్లీషు బోధించినారు. ప్రార్థన కంటె పరస్పర పరిచయమే వారి రాకకు ప్రధానోద్దేశం.

కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ కథ వేరు. ఆయన మిషనరీ కాడు. 1858లో పదిహేడేండ్ల వయస్సులో ఇంగ్లండు నుండి వచ్చిన వర్తకుడు. దైవభక్తి గల ఆ యువకుడు 1862లో, ఇరవై ఒక్క ఏట, యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకొరకు పాఠశాల స్థాపించినాడు. అది నేటికీ ఆయన పేరిట నడుస్తున్నది. ఆయన కాఫీ, నూలు పరిశ్రమలలో కూడ ముందడుగు వేసినాడు.

ఈ పరదేశీయులలో చాలమంది ప్రాంతీయ భాష అయిన తమిళంలోను, తమ భాష అయిన ఇంగ్లీషులోను బోధించినారు. అది సహజమే. తెలుగు ఇంటి పిల్లవాడు బడిలో తమిళ లిపి నేర్చినాడు. ఇంట అవ్వతో తెలుగు మాట్లాడినాడు. ఆ విధంగా చాల కుటుంబాలలో మాట నిలిచినది గాని లిపి నిలువలేదు. నేటికీ అక్కడ తీయని తెలుగు మాట్లాడుతూ ‘అ ఆ’లు ఎరుగనివారు ఎందరో ఉన్నారు.

పరాయివారు తీర్పలేని లోటును ఆ ఊరివారే తీర్చుకొనవలెను. విద్యాదానంలో వారు వెనుకబడలేదు. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదవ భాగాన్ని ధర్మానికి కేటాయించినారు. ఆ ధర్మసంస్థ క్రింద పాఠశాలలు, కళాశాలలు వర్ధిల్లినవి. అవి అన్ని భాషలవారికి తలుపులు తెరచినవి. తెలుగు అక్షరం నిలుపుకొనడం మాత్రం దానికంటె కష్టమైనది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుండి క్రమంగా పదవ తరగతి వరకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఆ రాష్ట్రంలోని తెలుగు విద్యార్థి అటు ప్రాంతీయ భాషను, ఇటు ఇంగ్లీషును నేర్చుకొంటూ మాతృభాషకు సమయం వెదకుకొనవలసి వచ్చినది.

నొబిలి ఇరవై తొమ్మిదేండ్ల వయస్సులో పరాయి భాష నేర్చుకొనడానికి నేలపై కూర్చున్నాడు. మన భాషను మన పిల్లలకు నేర్పడానికి మనకు సముద్రాలు దాటవలసిన పని లేదు. సాయంకాలం అరగంటసేపు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాచకం తెరచిన చాలును. తక్కిన పని ఇన్నేండ్లుగా చేస్తున్నట్లే మన పాఠశాల చేయగలదు.