లాలాజలము

దొంగతనము మోపబడినవానిని పరీక్షించుటకు మన ధర్మశాస్త్రములు చెప్పిన దివ్యములలో తండుల దివ్యము ఒకటి. దేవతా స్నానోదకమున నానిన బియ్యమును వానిచే నమిలించి ఉమ్మివేయించెడివారు. ఉమ్మిలో నెత్తురు కనబడినను, దవుడలును అంగిలియు ఒరసికొనిపోయినను, శరీరము కంపించినను వాడు దోషియని స్మృతికారుల మతము. విచారించి చూడగా ఈ పరీక్ష కాధారము నోటి తడియే. తడిగల నోట బియ్యము జారును. ఎండిన నోట గీచి గాయము చేయును. ఆ తడి యెచటినుండి వచ్చును, ఎంత వచ్చును, ఎందుచేత నారును అను ప్రశ్నలకు సమాధానము దొరకుటకు పెక్కు శతాబ్దములు పట్టినది. ఊరి తగవులు తీర్చు పెద్దలకు ఈ చరిత్ర తెలిసియుండుట మంచిది.

1656వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు వైద్యుడు థామసు వార్టను దవుడక్రింది గ్రంథినుండి నోటిలోనికి వచ్చు నాళమును వర్ణించెను. 1660లో ఆంస్టర్డాము నగరమున నీల్సు స్టెన్సను అను డెన్మార్కు దేశపు యువకుడు గొఱ్ఱె తలను కోసి పరిశీలించుచు, ఒక సన్నని నాళములో సలాకను చొప్పించెను. సలాక మొన పోయి దంతములకు తగిలి చప్పుడయ్యెను. చెవిచెంతనున్న గ్రంథి నీరు నోటికి చేరు త్రోవ ఇట్లు బయల్పడినది. నాలుకక్రింది గ్రంథులతో కూడ ఈ పనికి ముఖ్యమైనవి మూడు జతలు.

ఈ గ్రంథులు దినమునకు అరలీటరు మొదలు లీటరున్నరవరకు లాలాజలమును స్రవించును. ఇది నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నీరే. భోజనవేళ ధారాళముగ నూరును. నిద్రలో దాదాపు నిలిచిపోవును. తెల్లవారుజామున నోరు పిడచకట్టుట ఇందువలననే. ఊరినదానిలో చాలవరకు మ్రింగివేయుదుము. ఆ నీటిని ప్రేగులు మరల పీల్చుకొనును గనుక దేహమునకు నష్టము లేదు.

మిగిలిన ఆ యొక్క పాలు చేయు పని గొప్పది. అన్నములోని పిండిపదార్థమును లాలాజలము చక్కెరగ మార్చునని 1831లో జర్మనీ దేశస్థుడగు లాయిక్సు తెలిపెను. ఒక్క ముద్దను చాలసేపు నమిలినచో తీపి తగులుట మనమెల్లరము ఎరిగినదే. కొన్ని సూక్ష్మజీవులను చంపు పదార్థమొకటి లాలాజలమునందును కలదని 1922లో అలెగ్జాండరు ఫ్లెమింగు ప్రకటించెను. ఇదిగాక పులుపును విరిచి, సున్నపు సారమునిచ్చి దంతములను కాపాడునదియు ఇదియే. కావుననే నోరు తరచుగ ఎండువారికి పండ్లు త్వరగా పుచ్చును. వృద్ధులలో కొన్ని మందులవలన కూడ ఇట్లు జరుగును. అట్టివారు ఆ సంగతిని వైద్యునితో చెప్పవలెను.

ఇక నోరు ఎందులకారును? గ్రంథులు నరముల యాజ్ఞకు లోబడి స్రవించునని 1851 ప్రాంతమున కార్లు లుడ్విగు నిరూపించెను. ఆహారము నోట పడకమున్నే, దానిని తెచ్చువాని అడుగుల చప్పుడు వినినంతనే కుక్కలకు లాల ఊరుటను రష్యా దేశమున పావ్లోవు పరిశీలించెను. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెలు బహుమానము లభించినది. ఆశ కలిగినపుడు ఊరునట్లే, భయము కలిగినపుడు నరముల ప్రేరణ తగ్గి నోరు ఎండును.

తండుల దివ్యములోని లోపము ఇచ్చటనే యున్నది. భయము దోషికొక్కనికే కలుగునది కాదు. దిక్కులేని బీదవాడు నలుగురిలో నిలువబడినపుడు, నిరపరాధియైనను, వాని నాలుక అంగిట నంటుకొనును. ఆ పరీక్ష భయమును కొలిచినదేగాని పాపమును కొలువలేదు. దివ్యములు పోయినను, మాట తడబడినవాడు తప్పు చేసినవాడే యను తలంపు నేటికిని పోలేదు. కావున పెద్దలు తీర్పు చెప్పుటకు కూర్చుండినపుడు, ఎదుట నిలిచినవానికి ముందుగా మంచినీరిచ్చి, పిమ్మట వాని మాట విందురుగాక.