నీళ్ళలో గేదె, గట్టుమీద బేరం

నీళ్ళలో వున్న గేదెను బేరమాడినట్లు అని మనకో సామెత వుంది. కొమ్ములూ వీపూ మాత్రం పైకి కనిపిస్తూంటాయి. కాలు కుంటిదో, పొదుగు ఎండిందో, ఆ సంగతంతా నీళ్ళ కింద వుంటుంది. గట్టుమీద నిలబడ్డ మనిషి అది చూడకుండానే ధర చెప్పాలి. అమ్మేవాడికి మాత్రం అన్నీ తెలుసు. పాత కుట్టుమిషను కొన్నా, పాత కారు కొన్నా జరిగేది ఇదే.

ఈ సామెతకి అమెరికాలో వందేళ్ళ చరిత్ర వుందంటే నవ్వుతారేమో! అక్కడ గేదెకు బదులు పికప్ ట్రక్కు వుంటుంది, అంతే తేడా. పికప్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు, వెనక మూతలేని తొట్టి వుండే చిన్నపాటి లారీ అన్నమాట. గడ్డిమోపులు, ఎరువు బస్తాలు, వడ్రంగి సామాను, ఇల్లు మారేటప్పుడు మంచాలూ బల్లలూ అన్నీ ఆ తొట్టిలోకే ఎక్కుతాయి. మన రైతుకి ఎడ్లబండి ఎలాగో, అక్కడి రైతుకీ మేస్త్రీకీ అది అలాగ. కొత్తది కొనలేనివాళ్ళు పాతది కొంటారు. పై చదువులకని ఆ దేశం వెళ్ళిన మన పిల్లల్లో కూడా చాలామంది మొదట కొనేది పాత బండే కనుక, ఈ బేరం మనకి బొత్తిగా పరాయిదేం కాదు.

“మోటారుబళ్ళ గొడవ మగవాళ్ళది, మనకెందుకూ” అని పేజీ తిప్పెయ్యకండి. ఈ చరిత్రలో కోళ్ళున్నాయి, నిమ్మకాయలున్నాయి, చివరికి మన చేటలో బియ్యం కూడా వున్నాయి.

మొదట్లో పికప్‌లని ఎవరూ ఫ్యాక్టరీలో తయారుచేసేవారు కాదు. రైతులు ఫోర్డు కంపెనీవారి మోడల్ టి కారు కొనుక్కుని, వెనకభాగం కోసేసి, చెక్కపెట్టె బిగించుకునేవారు. అది చూసి ఫోర్డు కంపెనీయే 1925లో తొట్టితో సహా బండి తయారుచేసి 281 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. ఆ ఏడాదే 30 వేలకి పైగా బళ్ళు తయారయ్యాయి. కొత్త బండితో పేచీ లేదు, కంపెనీ చెప్పిందే ధర. కాని ఆ బళ్ళన్నీ కొన్నవాళ్ళ ఇళ్ళకి చేరాక తలొక రకంగా పాతబడతాయి. ఒకటి రాళ్ళు మోసి నడుం విరగ్గొట్టుకుంటుంది. ఒకటి ఆదివారాలు చర్చికి మాత్రం వెళ్ళి కొత్తపెళ్ళికూతురిలా వుంటుంది. ఒకాయన వేళకి నూనె మారుస్తాడు, ఇంకొకాయన ఇంజను పొగలు కక్కేదాకా మూత తీసి చూడడు. నాలుగేళ్ళయ్యాక వాటికి ధర ఎవరు కట్టాలి?

అంతకుముందు ఈ తగువు గుర్రాల విషయంలో వుండేది. ముసలి గుర్రం పళ్ళు అరగదీసి వయసులో వున్నదని అమ్మే ఘనులు వుండేవారట. మన పెబ్బేరు సంతలో అయినా ఎద్దుని కొనేముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా అని లెక్కపెట్టి, నడిపించి, సుడులు చూసిగాని బేరానికి దిగరు. పశువుల సంతల్లో దళారి తువ్వాలు కింద చెయ్యిపెట్టి వేళ్ళు నొక్కి ధర చెప్పే పద్ధతి మీరు వినే వుంటారు. పక్కనున్న వాడికి కూడా ఆ ధర తెలియదు! ట్రక్కుకైతే పళ్ళు లేవు, సుడులు లేవు. ఎన్ని మైళ్ళు తిరిగిందో చెప్పే మీటరొకటి వుంటుంది గాని, దాన్ని వెనక్కి తిప్పడం తెలిసినవాళ్ళకి కొదవేముంది?

తువ్వాలు కింది ధరని కాగితం మీదికి తెచ్చినాయన పేరు లెస్ కెల్లీ. 1918లో లాస్ఏంజిలిస్‌లో మూడే మూడు మోడల్ టి కార్లతో పాతకార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. తనకి ఫలానా బళ్ళు కావాలి, ఫలానా ధర యిస్తాను అని జాబితా రాసి తోటి వ్యాపారులకీ బ్యాంకులకీ పంపేవాడు. ఆ జాబితా మీద అందరికీ ఎంత గురి కుదిరిందంటే, తాము కొనేటప్పుడు కూడా అదే చూసి ధర కట్టడం మొదలుపెట్టారు. 1926లో అది ‘బ్లూ బుక్’ అనే పుస్తకమైంది. గొప్పింటివాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకానికి ఆ దేశంలో వాడే పేరది. అందులోకి ఎక్కిందంటే దానికో విలువ వున్నట్టే లెక్క.

బాగానే వుంది. కాని ఆ పుస్తకం ఎవరికోసం? వ్యాపారులకీ, అప్పులిచ్చే బ్యాంకులకీ. కొనుక్కునే మామూలు మనుషుల కోసం ప్రత్యేకంగా ప్రతి అచ్చువేసింది 1993లో. అంటే అరవై ఏడేళ్ళ తరవాత! అన్నాళ్ళూ ధర పుస్తకం బల్లకి అవతలివైపు, డబ్బిచ్చే మనిషి ఇవతలివైపు. నగల కొట్టులో త్రాసు మనకి కనపడకుండా అటు తిప్పి పెడితే మనం వూరుకుంటామా?

ఇక కోళ్ళ సంగతి. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే బేరం మనందరికీ తెలుసు. అక్కడ పాత బండి యిచ్చి, పైన డబ్బు కట్టి కొత్త బండి తీసుకుంటారు. 1930 తరవాత దేశమంతా దరిద్రంలో వున్న రోజుల్లో, కొత్త బండి అమ్ముడుపోతే చాలునని వ్యాపారులు పాత బండికి లేని విలువ కట్టి నష్టపోయారు. రూజ్‌వెల్టు ప్రభుత్వం 1933లో వ్యాపారాలకి నియమాలు పెట్టినప్పుడు, డీలర్ల సంఘంవారు వేసే ధరల పుస్తకంలో వున్నదానికి మించి పాత బండికి యివ్వకూడదని కట్టడి చేసింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1935లో, ఆ నియమాలకి ఆధారమైన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టుకి వెళ్ళింది మోటారు వ్యాపారులు కాదు సుమా! బ్రూక్లిన్‌లో కోళ్ళ వ్యాపారం చేసే షెక్టర్ సోదరులు. కోళ్ళ కేసులో తీర్పుకి ట్రక్కుల ధరల కట్టడి కూడా ఎగిరిపోయింది. పుస్తకం మాత్రం మిగిలింది.

రెండోసారి కోళ్ళు అడ్డం వచ్చింది 1963లో. అమెరికా నుంచి చవక కోళ్ళు వచ్చి పడుతున్నాయని పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు మొదలైన దేశాలు వాటిమీద సుంకం పెంచాయి. అమెరికాకి కోపం వచ్చింది. ఆ డిసెంబరులో ప్రెసిడెంటు జాన్సన్ బంగాళాదుంప పిండిమీద, బ్రాందీ మీద, డెక్‌స్ట్రిన్ అనే ఒక రకం జిగురుపిండి మీద, పై దేశాల చిన్న ట్రక్కులమీద 25 శాతం సుంకం వేశాడు. అత్తమీద కోపం దుత్తమీద అంటారే, అదన్నమాట. తక్కినవాటి మీద సుంకం తరవాత పోయింది గాని, ట్రక్కుల మీద మాత్రం దశాబ్దాల తరబడి నిలిచిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి 1978లో జపాను కంపెనీ ఒకటి తన పికప్ తొట్టిలో రెండు కుర్చీలు బిగించి, “ఇది ట్రక్కు కాదు, మనుషులు ఎక్కే కారు” అని పంపించింది! ఇలాంటి ఉపాయాలు ఎన్ని పన్నినా, పైనుంచి వచ్చే పోటీ తగ్గితే కొత్త బండి ధర దిగదు. కొత్తది దిగకపోతే పాతదీ దిగదు. ఎప్పుడో సముద్రం అవతల జరిగిన కోళ్ళ తగువుకి, పాత బండి కొనే పేద రైతు కూడా తన వాటా చెల్లిస్తూనే వున్నాడు.

ఇంత జరిగినా అసలు ప్రశ్న అలాగే వుంది. పుస్తకం చెప్పేది ఆ రకం బండి ధర. మన ముందున్న ఈ బండి లోపల ఏముందో పుస్తకానికేం తెలుసు?

ఈ ప్రశ్నని పట్టుకున్నవాడు జార్జి ఏకర్లాఫ్ అనే కుర్ర ప్రొఫెసరు. అమెరికాలో ఎంతకీ బాగుపడని బండిని ‘నిమ్మకాయ’ అంటారు. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, వాళ్ళకి బండే నిమ్మకాయ! ఆయన చెప్పింది తేలికమాటల్లో ఇది. మంచి పాత బండి పదివేల డాలర్లు, చెడ్డది నాలుగువేలు చేస్తుందనుకుందాం. ఏది ఏదో తెలియదు కనుక, కొనేవాడు మధ్యస్థంగా ఏడువేలు యిస్తానంటాడు. పదివేల బండిని ఏడువేలకి యివ్వడం యిష్టంలేక మంచి బండి గల ఆసామి ఇంటికి వెళ్ళిపోతాడు. ఇక సంతలో మిగిలేవి నిమ్మకాయలే. అది తెలిసి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు. మోసగాడి వల్ల నష్టపోయేది కొనేవాడొక్కడే కాదు, నిజాయితీగా అమ్మేవాడు కూడా. వెన్న కాచిన నెయ్యి తెచ్చే మనిషి, కల్తీ నెయ్యి ధరకే తనదీ అడుగుతుంటే విసిగి మన వీధికి రావడం మానేస్తుంది చూడండి, అదే ఇది.

మూడు పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పికొట్టాయి. చివరికి 1970లో అచ్చయింది. మధ్యలో 1967-68లో ఏకర్లాఫ్ మన ఢిల్లీలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వున్నాడు. అందుకే కాబోలు, పాతకార్ల మీద రాసిన ఆ వ్యాసంలో మన ఇల్లాళ్ళు కూడా వున్నారు. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం గల రాళ్ళు కావాలనే కలుపుతారనీ, భారతదేశపు గృహిణి వాటిని జాగ్రత్తగా ఏరుకోవాలనీ రాశాడు. అది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కొంచెం గర్వం కూడా కలిగింది. మా అమ్మా అమ్మమ్మా మధ్యాహ్నంపూట చేట ముందేసుకుని చేసిన పని, 2001లో నోబెల్ బహుమతి అందుకున్న సిద్ధాంతంలో భాగమన్నమాట!

గేదెని గట్టెక్కించడానికి చట్టాలూ వచ్చాయి. మీటరు వెనక్కి తిప్పితే నేరమని 1972లో కేంద్ర చట్టం చేశారు. ఆ తరవాత ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వసంస్థ, డీలరు తనకి తెలిసిన పెద్ద లోపాలన్నీ బండిమీద కాగితం అంటించి చెప్పాలని 1981లో నియమం తెచ్చింది. తెలియని లోపాలు కాదు, తెలిసినవే! అయినా 1982లో పార్లమెంటు ఉభయసభలూ దాన్ని తోసిపుచ్చాయి. అలా తోసిపుచ్చే అధికారం సభలకి లేదని కోర్టులు తేల్చినా, 1984లో బయటికి వచ్చిన నియమంలో ఆ తెలిసిన లోపాల మాట లేదు. గ్యారంటీ వుందా, వున్నది వున్నట్టు అమ్ముతున్నారా అన్నది కిటికీ మీద కాగితం పెట్టి చెబితే చాలు. తేలికరకం పికప్‌లకి కూడా ఇదే నియమం. కొనేముందు మీ మెకానిక్కుకి చూపించుకోవచ్చా అని అడగండి అని కూడా ఆ కాగితంలో వుంటుంది. అంటే గేదె నీళ్ళలోనే వుంది, నీళ్ళలో వుందని బోర్డు కట్టారు!

తెలిసిన లోపం చెప్పమంటే ఎందుకంత బాధ అని నాకు అనిపిస్తుంది. డబ్బున్న మనిషికి బండి చెడితే ఒక మధ్యాహ్నం పాడవుతుంది. ఇళ్ళకి రంగులు వేసుకు బతికే మనిషి దాచుకున్నదంతా పెట్టి కొన్న ట్రక్కు వారానికే మూలపడితే, నిచ్చెనలూ డబ్బాలూ ఎందులో వేసుకుని పనికి పోతాడు? అతనికి బండితోపాటు కూలీ పోతుంది, ఆ నెల అద్దె ఆగుతుంది. ఎవరి దగ్గర తక్కువ డబ్బుందో, వాళ్ళే తెలియని సరుకుకి ఎక్కువ భయపడుతూ కొనాలి.

మరొక చిత్రం. ఏకర్లాఫ్ భార్య జానెట్ యెల్లెన్ 2021 జనవరిలో అమెరికా ఆర్థికమంత్రి అయింది. ఆ పదవిలో ఆమే మొదటి మహిళ. సరిగ్గా ఆ సంవత్సరమే కోవిడ్ దెబ్బకి, చిప్పుల కరువుకి కొత్త బళ్ళు దొరక్క, పాత కార్లూ ట్రక్కుల ధరలు జూన్ నాటికి ఏడాదిలో 45 శాతం పెరిగాయి. పాతకార్ల సిద్ధాంతం రాసినాయన ఇంట్లో ఆ రోజుల్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు మహా సరదా.

ఇప్పుడు బండి నెంబరు కొట్టి దాని పూర్వచరిత్ర చూసుకునే సదుపాయాలు వచ్చాయి. మంచిదే. కాని ఏ చరిత్రలోకీ ఎక్కని సంగతులు వుంటూనే వుంటాయి. అందుకని అక్కడ వున్న మన పిల్లలు పాత బండి కొంటున్నామని ఫోను చేస్తే, ధర ఎంతని అడిగేముందు అడగవలసిన మాట ఒకటుంది. వాళ్ళ మెకానిక్కు చేత కాదు, మీకు తెలిసిన మెకానిక్కు చేత చూపించారా అని. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఆ బండిని అక్కడే వదిలేసి రమ్మనండి. చెరగనివ్వని కొట్టులో మనం బియ్యం కొంటామా?