గెట్టు తగాదా ఊళ్లోనే తీర్చుకునే లాక్స్టన్

గెట్టు కాడ జానెడు జాగ కోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరగడం మనందరం చూసిందే. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్టన్ అని చిన్న ఊరుంది. దాని సంగతి వినండి.

పాతకాలంలో అక్కడి చాలా పల్లెల్లో పొలాలకు కంచెల్లేవు. రెండు మూడు పెద్ద చేలు, వాటిల్లో ఒక్కో రైతుకు అక్కడక్కడా బారు మళ్లు. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు వేశారు. ఉమ్మడి బీట్లో ఆవును మేపుకునే పేదోడు కూలీ అయిపోయాడు.

లాక్స్టన్‌లో పాత పద్ధతి నిలిచింది. 1635లో గీసిన ఊరి పటం ఇంకా ఉంది. ఏటా చలికాలం మొదట్లో రైతుల్లోంచే ఎంచిన జ్యూరీ కొత్తగా గోధుమ వేసిన చేనంతా తిరుగుతుంది. ఎవరైనా బాటలోకో, ఉమ్మడి గడ్డిలోకో దున్నారేమో చూసి గూటాలు పాతుతుంది. వారం తర్వాత ఊరి పబ్బులో కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది.

వాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులే సుమా! 1952లో జమీందారు దగ్గర ప్రభుత్వం కొన్నది. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ చేతికెళ్లింది. యజమానులు మారారు గానీ, గెట్టు చూసే పని రైతుల చేతిలోంచి పోలేదు.

కాగితం ఎవరి పేరున ఉన్నా, ఏడాదికోసారి గెట్ల మీద అందరం కలిసి నడిస్తే మన ఊళ్లో ఎన్ని తగాదాలు తెగుతాయి? ఆలోచించండి.