ఎల్పీల వేటలో మరిచిన క్యాసెట్లు

1976లో వచ్చిన ‘శక్తి’ బృందం తొలి ఆల్బం లాంటి డెబ్బైల నాటి జాజ్ ఫ్యూజన్ ఎల్పీలను లోకం మళ్లీ వెతుక్కుంటోంది. మంచిదే. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పాట దాగింది ఎల్పీలో కాదు, క్యాసెట్లో. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా, గల్ఫ్‌కు పోయినవాళ్లు తెచ్చిన టేప్‌రికార్డర్లతో ఇక్కడి ఇళ్లలో స్థిరపడింది. ఉత్తరం రాయలేనివాళ్లు మాటలు నింపి పంపిందీ అందులోనే. ఒగ్గుకథా, 1978 జగిత్యాల రైతుకూలీల జైత్రయాత్ర తర్వాతి ఉద్యమ పాటా అందులోకెక్కినవే.

జానపదానికీ జాజ్‌కూ పోలికేమిటని అడగొచ్చు. స్వరాల లెక్క వేరే, ఒప్పుకోవాల్సిందే. కానీ జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు అల్లడం. ఒగ్గు కథకుడూ అంతే: మల్లన్న కథ చెబుతూ, కూర్చున్న జనాన్ని బట్టి ఒక ఘట్టాన్ని సాగదీస్తాడు, డోలు దెబ్బతో తెంపుతాడు, వంతగాడు హాస్యం అందుకుంటాడు. ఏ రెండు రాత్రుల కథా ఒకేలా ఉండదు. అందుకే ‘కళాకారులు ఇంకా ఉన్నారు కదా, పాత క్యాసెట్లెందుకు’ అనే వాదన నిలవదు. టేపు మీది ఐరన్ ఆక్సైడ్ పూత రాలిందంటే ఆ రాత్రి పోయినట్టే. పాత సామాన్లవాడికి వేసే ముందు ఆ క్యాసెట్లను ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించండి.