పిసరంత కరెంటుకు కొలమానం

రేడియోధార్మికత కంటికి కనిపించదు, వాసన రాదు. మరి దాన్ని పసిగట్టేదెలా? ఆ కిరణాలు గాలిని అయనీకరిస్తాయి. అయాన్లు కదిలితే పిసరంత విద్యుత్తు ప్రవహిస్తుంది. 1898లో మేరీ క్యూరీ యురేనియం కిరణాలను లెక్కగట్టింది ఇలాంటి విద్యుత్తును కొలిచే! ఇది పికో ఆంపియర్లలో ఉంటుంది. ఒక పికో ఆంపియరు అంటే సెకనుకు సుమారు 62 లక్షల ఎలక్ట్రాన్లు. మామూలు మీటరులో ముల్లు కదలనైనా కదలదు.

ఉపాయం ఓమ్ సూత్రంలోనే ఉంది. పికో ఆంపియరును 10,000 కోట్ల ఓముల నిరోధం గుండా పంపితే 0.1 వోల్టు లభిస్తుంది. దాన్ని అందుకునే ఆంప్లిఫయరు అటు ఆ కాస్త కరెంటునూ, ఇటు బ్యాటరీనీ మింగెయ్యకూడదు. వాల్వుల రోజుల్లో ఫిలమెంటును వేడి చేయడానికే బ్యాటరీ ఖర్చయ్యేది. 1960లలో వాడుకలోకి వచ్చిన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరుకు ఫిలమెంటు లేదు. దాని గేటుకు ఆక్సైడు పొర అడ్డు కాబట్టి కరెంటునూ దాదాపు లాగదు. చేతిలో పట్టుకుని తిరిగే మీటర్లకు ఇది వరమైంది.

మన అణుకేంద్రాల సిబ్బంది భద్రతకు ఈ పరికరాలు ఇక్కడే తయారుకావాలి కదా! పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో వెలసిన ఇసిఐఎల్ రేడియేషన్ మానిటర్లను తయారుచేసింది.

ఒక్కటి గుర్తుంచుకోండి: మీటరు సున్నా చూపితే ప్రమాదం లేదనే కాదు, బ్యాటరీ అయిపోయిందనీ కావచ్చు. అందుకే ముందు బ్యాటరీని పరీక్షించాలి, ఆ తర్వాతే కొలవాలి.