వెబ్‌సైట్ ఓపెన్ కావట్లేదా? లోపం ఎక్కడుందో పదిమంది కంప్యూటర్లు చెబుతాయి

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు, వెబ్‌సైట్ చూస్తే ఓపెన్ కాదు. ఉస్మానియా క్యాంపస్ హాస్టల్‌లో ఉన్నా, పక్కనే తార్నాక నెట్ సెంటర్‌లో ఉన్నా విద్యార్థికి వచ్చే అనుమానం ఒకటే: లోపం సైట్‌దా, మన నెట్‌దా? ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇది తేలదు.

వేర్వేరు దారులు

క్యాంపస్ వై-ఫై, ఇంటి బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ డేటా ఒకే సర్వర్‌కు వేర్వేరు దారుల్లో వెళ్లవచ్చు. అన్నిటిలోనూ సైట్ మొరాయిస్తే అనుమానం సర్వర్ మీదకు పోతుంది. ఒక్క దానిలోనే అయితే చిక్కు ఆ దారిలో ఉన్నట్టే.

అందరి కంప్యూటర్లతో కొలత

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాకు చెందిన గోమెజ్ కంపెనీ ఇళ్లలోని కంప్యూటర్లతో సైట్ల వేగం కొలిపించి, వాటి యజమానులకు కొద్దిగా డబ్బు ఇచ్చేది. 2009లో దాన్ని కంప్యూవేర్ కొనేసింది.

ఇప్పుడు పేరున్నది రైప్ అట్లాస్. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా ఉన్న రైప్ ఎన్‌సీసీ దీన్ని 2010లో మొదలుపెట్టింది. వలంటీర్లు ‘ప్రోబ్’ అనే చిన్న పరికరాన్ని రౌటర్‌కు తగిలిస్తారు. అది సర్వర్ నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తోంది, డేటా ఏ దారిన పోతోంది అన్నది చూస్తుంది. ప్రోబ్ నడిపినవారి ఖాతాలో క్రెడిట్లు జమవుతాయి. వాటిని ఖర్చుపెట్టి ఇతరుల ప్రోబ్‌లతో తమకు కావాల్సిన కొలతలు తీయించుకోవచ్చు. బ్యాంకు ఖాతా లాంటిదే అనుకోండి.

పరికరం లేకపోతే?

పదిమంది మిత్రులు చాలు. ఒకే సమయానికి ఒక్కొక్కరు ఒక్కసారి సైట్ తెరిచి చూడాలి. టైమ్, ప్రాంతం, ఏ కనెక్షన్, ఎన్ని సెకన్లు పట్టింది, ఏ ఎర్రర్ వచ్చింది... ఈ ఐదూ రాసుకోవాలి. ‘503’ వస్తే మీ అభ్యర్థన అవతలిదాకా చేరినట్టే, సర్వరే పని అందుకోలేకపోతోంది. ‘డీఎన్ఎస్’ ఎర్రర్ అయితే సైట్ అడ్రసే దొరకలేదని అర్థం. అప్పుడు మిగతావారికి ఏం వచ్చిందో పోల్చి చూడాలి. గడువు పెంచమని అడిగేటప్పుడు స్క్రీన్‌షాట్లతో పాటు ఈ పట్టిక జత చేస్తే మాటకు బలం ఉంటుంది.

జాగ్రత్తలు

ల్యాబ్, నెట్ సెంటర్ కంప్యూటర్లు నలుగురివీ. నిర్వాహకుల అనుమతి లేకుండా వాటిలో కొలత సాఫ్ట్‌వేర్ ఎక్కించొద్దు. చాలా కొలతలు బహిరంగంగా కనిపిస్తాయి, కనెక్షన్ ఎవరిదో తెలిసే వీలుంటుంది. పేజీని పదే పదే రిఫ్రెష్ చేయొద్దు. అలా చేస్తే ఇప్పటికే అలసిన సర్వర్ మీద ఇంకా బరువు పడుతుంది, నష్టపోయేది క్యూలో ఉన్న తోటి విద్యార్థులే.